అందరి పిల్లల కళాపాఠశాల

పిల్లలకు, యుక్తవయస్సులో అడుగుపెట్టినవారికి చిత్రలేఖనం, శిల్పం, హస్తకళలు నేర్పే ఒక పాఠశాలలో చూపు తక్కువైన బాలుడు, వినికిడి లేని బాలిక, చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి, ఆటిజం ఉన్న విద్యార్థి తక్కిన పిల్లలతో కలిసి ఒకే గదిలో, ఒకే పాఠం మీద పని చేయగలిగితే దానిని సమ్మిళిత కళాపాఠశాల అంటారు. ఆటిజం అంటే ఇతరులతో సంభాషించే తీరులోనూ, శబ్దాన్ని, వెలుగును, స్పర్శను గ్రహించే తీరులోనూ చిన్ననాటి నుంచే కనిపించే భేదం. తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఇదే భావాన్ని సహిత విద్య అనే పేరుతో వ్యవహరిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఏదో ఒక వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో బడి ఈడు పిల్లలు ఎందరో ఉన్నా, పట్టణాల్లో సాయంత్రాలు, సెలవు రోజుల్లో నడిచే బొమ్మల తరగతుల్లో వారు కనిపించడం చాలా అరుదు. వారికి ఆసక్తి లేకపోవడం ఇందుకు కారణం కాదు. ఆ తరగతుల్లో జరిగే పాఠం వారిని దృష్టిలో పెట్టుకుని తయారైనది కాకపోవడమే కారణం. అందువల్ల ఇటువంటి పాఠశాలను నడపడంలో అసలైన శ్రమ ప్రవేశం కల్పించడంలో కంటే పాఠాన్ని తిరిగి కూర్చుకోవడంలోనే ఎక్కువగా ఉంటుంది.

ఈ మాటకు చట్టంలోనే ఆధారం ఉంది. 2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆ చట్టంలోని 29వ సెక్షన్ సాంస్కృతిక జీవితానికి, వినోదానికి సంబంధించినది. దివ్యాంగులు చిత్రకళా తరగతుల్లో పాల్గొనే వీలు కల్పించడం, వారు చేరి నేర్చుకోగలిగే విధంగా కళా విషయాల పాఠ్యక్రమాలను తిరిగి రూపొందించడం ప్రభుత్వాలు తీసుకోవలసిన చర్యల్లో భాగమని ఆ సెక్షన్ పేర్కొంటుంది. చట్టాన్ని రాసినవారు ర్యాంపు దగ్గర ఆగిపోకుండా పాఠ్యక్రమం దాకా ఆలోచించడం గమనించదగినది. అయితే సమ్మిళిత విద్యను తప్పనిసరి చేసే 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థలకు, ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలకు వర్తించేదిగా ఉంది. ఇంటి ముందుగదిలోనో, అపార్టుమెంటు కింది అంతస్తులోనో ఫీజు తీసుకుని నడిపే బొమ్మల తరగతికి సాధారణంగా అటువంటి గుర్తింపు ఉండదు. కనుక పిల్లలు కళను ఎక్కువగా నేర్చుకునే చోటే చట్టం పట్టు సడలిపోతున్నది. ఆ ఖాళీని పూరించవలసినది నిర్వాహకుల విచక్షణే.

వైకల్యం ఉన్న పిల్లల చిత్రకళా విద్యను శాస్త్రీయంగా ఆలోచించినవారిలో విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ముఖ్యుడు. 1903లో ఆస్ట్రియాలో జన్మించిన ఆయన వియన్నా నగరంలోని అంధుల విద్యాలయంలో చూపు లేని పిల్లలకు, కొద్దిపాటి చూపు మాత్రమే ఉన్న పిల్లలకు బంకమట్టితో శిల్పాలు చేయడం నేర్పాడు. ఆ పిల్లల పనిని లుడ్విగ్ మ్యుంట్స్‌తో కలిసి 1934లో పుస్తకంగా ప్రకటించాడు. 1938లో నాజీల ఆక్రమణతో దేశం విడిచిన ఈ యూదు అధ్యాపకుడు అమెరికా చేరి, వర్జీనియాలో నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన హాంప్టన్ విద్యాసంస్థలో కళాశాఖను నిర్మించాడు. తరువాతి కాలంలో గొప్ప కుడ్యచిత్రకారుడిగా పేరొందిన జాన్ బిగ్గర్స్ అక్కడ ఆయనకు శిష్యుడు. ఒక నగరంలో చూపు లేని పిల్లలకు, మరో దేశంలో జాతివివక్ష వల్ల అవకాశాలు మూసుకుపోయిన యువకులకు ఒకే వ్యక్తి కళ నేర్పడం కాకతాళీయంగా అనిపించవచ్చు గాని, బయట నిలిపివేయబడిన విద్యార్థి లోపల ఏముందో చూసే అలవాటు ఆ రెండు చోట్లా ఆయన బోధనకు పునాది అయింది.

లోవెన్‌ఫెల్డ్ గమనించినది ఏమంటే, కొందరు పిల్లలు ప్రపంచాన్ని ప్రధానంగా కంటితో పోల్చుకుంటారు, మరికొందరు స్పర్శతోనూ, కండరాల కదలికతోనూ, తమ శరీరానుభవంతోనూ పోల్చుకుంటారు. రెండో విధానాన్ని ఆయన హాప్టిక్ అన్నాడు, అంటే స్పర్శ ప్రధానమైనది. కొద్దిగా చూడగల పిల్లల్లో కూడా కొందరు ఆ చూపును పక్కనబెట్టి చేతులనే నమ్ముకోవడం, చూపు బాగా ఉన్నవారిలో సైతం కొందరు శరీరానుభవాన్నే చిత్రించడం ఆయన దృష్టికి వచ్చింది. చెట్టు మీది కాయను అందుకునే మనిషిని గీసినప్పుడు పిల్లవాడు ఆ చేతిని తక్కిన శరీరం కంటే పొడవుగా గీస్తే, అది కొలతల్లో పొరపాటు కాదు, అందుకోవడంలోని ప్రయాస రూపం దాల్చడమే. మనుషులందరినీ ఈ రెండు తరగతులుగా కచ్చితంగా విడదీయనవసరం లేదు గాని, బోధకునికి ఈ పరిశీలన చేసే మేలు పెద్దది. కంటికి కనిపించినట్లు గీయడం అనేది కళలో ఒక మార్గం మాత్రమేనని అంగీకరించిన మరుక్షణం చూపు లేని పిల్లవాడు తరగతిలో మినహాయింపుగా మిగిలిపోడు, మరొక మార్గంలో నడిచే విద్యార్థి అవుతాడు.

1947లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో లోవెన్‌ఫెల్డ్ పిల్లల చేతికి అచ్చు గీతల బొమ్మలిచ్చి రంగులు నింపించే పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. ఈ మాట నేటి తెలుగు పట్టణాలకు నేరుగా వర్తిస్తుంది. చాలా తరగతుల్లో ఫోటోకాపీ తీసిన బొమ్మను పంచిపెట్టి, గీత దాటకుండా రంగు వేయమంటారు, లేదా బోర్డు మీద గురువు గీసిన కొండలు, కొబ్బరిచెట్టు, గుడిసె, మధ్యలో సూర్యుడు ఉన్న దృశ్యాన్ని ఉన్నదున్నట్లు దించమంటారు. గీత దాటకపోవడమే ప్రతిభకు కొలత అయినచోట చేయి వణికే పిల్లవాడు మొదటి రోజే ఓడిపోతాడు. బోర్డు కనిపించని బాలికకు అక్కడ చేయడానికి ఏమీ ఉండదు. ఆ పద్ధతిలో ఏ వైకల్యమూ లేని పిల్లలకు కూడా దక్కేది స్వల్పమే, ఎందుకంటే చూడడం, ఎంచుకోవడం, నిర్ణయించుకోవడం అన్నీ మరొకరు ముందే పూర్తి చేసి, చేతికి పని మాత్రం మిగిలిస్తారు. పాఠం అందరికీ తగినట్లు మారినప్పుడు బాగుపడేది కొద్దిమంది చదువు మాత్రమే కాదని ఇక్కడే స్పష్టమవుతుంది.

పాఠశాల తగిన చోటు కల్పిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి భారతదేశంలో అతి విలువైన నిదర్శనం శాంతినికేతన్. 1919లో అక్కడ ప్రారంభమైన కళావిద్యాలయం కళాభవన్ తొలి విద్యార్థుల్లో ఒకడైన వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి దగ్గరి వస్తువులు మాత్రమే కనిపించేవి. ఇటువంటి చూపుతో చిత్రకారుడు కాగలడా అని ఆచార్యుడు నందలాల్ బోస్ సందేహించినప్పుడు, విద్యార్థికి శ్రద్ధ ఉన్నంతవరకు అతన్ని తన దారిన పోనివ్వాలని రవీంద్రనాథ ఠాగూర్ చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ నిర్ణయం ఎంత దూరం వెళ్లిందో కళాచరిత్ర చెబుతుంది. 1946, 1947 సంవత్సరాల్లో ఆయన శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు సాధుసంతుల జీవితాన్ని మహత్తరమైన కుడ్యచిత్రంగా రచించాడు. గోడ మొత్తాన్ని దూరం నుంచి ఒకేసారి చూసుకోగల కళ్లు ఆయనకు లేవు. అయినా ఆ చిత్రంలో జనప్రవాహం ఎక్కడా తెగకుండా సాగుతుంది. 1950ల మధ్యలో జరిగిన శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయిన తరువాత ఆయన కాగితాలు కత్తిరించి అతికిన చిత్రాలు, మైనపు బొమ్మలు చేశాడు. 1972లో కళాభవన్‌లోనే పింగాణీ పలకలతో మరో కుడ్యచిత్రం నిర్మించాడు. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ అదే సంవత్సరం ఆయనపై డాక్యుమెంటరీ తీశాడు. మరో శిష్యుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ బరోడాలో అధ్యాపకుడై ఎందరినో తీర్చిదిద్దాడు. మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్ అక్కడ ఆయన వద్దే కుడ్యచిత్రకళ అభ్యసించాడు. చూపు చాలదని వెనక్కి పంపివేయగలిగిన ఒక విద్యార్థిని ఉండనిచ్చినందువల్ల ఏర్పడిన గురుపరంపర ఈ విధంగా తెలుగు నేల దాకా వచ్చింది.

ఈ నిదర్శనాన్ని ఉపయోగించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వినోద్ బిహారీ అసాధారణ ప్రతిభావంతుడు. ప్రతి దివ్యాంగ బాలుడిలోనూ అటువంటి ప్రతిభ దాగి ఉంటుందని ప్రచారం చేయడం ఆ పిల్లల మీద మరో బరువు మోపడమే. సాధారణమైన ప్రతిభ గల పిల్లలు సాధారణంగా బొమ్మలు వేసుకుని ఆనందించే హక్కును సమాజం ఎవరూ అడగకుండానే అంగీకరిస్తుంది. ఆ సాధారణత్వం వైకల్యం ఉన్న పిల్లలకు కూడా దక్కాలి. అద్భుతం చేసి చూపిస్తేనే చోటు లభించే పాఠశాలను సమ్మిళితమైనదని అనడం సరికాదు.

నిర్వహణ విషయానికి వస్తే, భవనం సంగతి తొందరగానే చెప్పవచ్చు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు పాళ్లలో ఉండాలి, అంటే గడప ఒక అడుగు ఎత్తు ఉంటే ర్యాంపు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. దీన్ని లెక్కచేయకుండా నిటారుగా పోసిన సిమెంటు వాలు అలంకారానికే తప్ప చక్రాల కుర్చీకి పనికిరాదు. కుర్చీ కిందికి దూరేటంత ఖాళీ ఉన్న బల్లలు, చక్రాల కుర్చీ తిరిగేటంత వెడల్పు ఉన్న మరుగుదొడ్డి, ప్రతి వస్తువుకూ మారని స్థానం ఉన్న అలమరలు ఉండాలి. కుంచెల డబ్బా రోజుకొక చోట పెట్టే గదిలో చూపు లేని విద్యార్థి ప్రతిసారీ ఇంకొకరిని అడగవలసి వస్తుంది. దానిని ఒకే చోట ఉంచడానికి పైసా ఖర్చు లేదు.

పనిముట్ల విషయంలో మరికొంత వివరం అవసరం. సెరిబ్రల్ పాల్సీ అంటే మెదడు ఎదిగే దశలో కలిగిన దెబ్బ వల్ల కండరాల కదలిక, పట్టు అదుపులో ఉండకపోవడం. ఇటువంటి విద్యార్థికి సన్నని పెన్సిలు కంటే కాడకు స్పాంజి చుట్టి లావు చేసిన కుంచె, బల్లకు నాలుగు వైపులా టేపుతో అంటించిన కాగితం, కొంచెం వాలుగా ఉన్న పలక ఎక్కువ సహాయపడతాయి. చూపు తక్కువైన విద్యార్థికి తెల్ల కాగితం మీది పెన్సిలు గీత కంటే నల్ల కాగితం మీది తెల్ల క్రేయాన్ గీత స్పష్టంగా తెలుస్తుంది. వర్ణాంధత్వం, అనగా ఎరుపు, ఆకుపచ్చ వంటి కొన్ని రంగుల మధ్య తేడా తెలియకపోవడం, చట్టం చెప్పిన 21 రకాల్లో విడిగా లేదు. మగపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ స్థితి ఉన్నదని తల్లిదండ్రులకే తెలియని సందర్భాలు అనేకం. ఆకులకు గోధుమరంగు వేశాడని దెబ్బలు తిన్న పిల్లవాడు బొమ్మలంటేనే విముఖుడైపోతాడు. ప్రతి రంగుసీసా మీద పెద్ద అక్షరాలతో రంగు పేరు రాసిపెట్టడం ఆ పిల్లవాడిని కాపాడుతుంది.

వినికిడి లేని పిల్లల విషయంలో పొరపాటు సాధారణంగా వేగంలో జరుగుతుంది. బోధకుడు కుంచెతో గీస్తూనే మాట్లాడడం అలవాటు. వినగలిగిన పిల్లలు చెవితో మాటను, కంటితో చేతిని ఏకకాలంలో అందుకుంటారు. బధిర విద్యార్థి సంజ్ఞాభాషను చూస్తే కుంచె కదలికను, కుంచెను చూస్తే సంజ్ఞలను కోల్పోతుంది. కనుక ముందు సంజ్ఞలతో వివరించి, ఆగి, ఆ తరువాత మాటలేవీ లేకుండా చేసి చూపించి, మళ్లీ ఆగి ముఖం ఎత్తి సందేహాలు అడగడం తగిన క్రమం. ఇందువల్ల పాఠం నెమ్మదిస్తుందన్నది నిజమే. కానీ మాటలు ఆగినప్పుడు తరగతి మొత్తం చేతిని మరింత శ్రద్ధగా చూస్తుంది. చిత్రకళ చాలావరకు కంటితో నేర్చుకునే విద్య కాబట్టి ఇది నష్టం కాదు. బోధకుడు భారతీయ సంజ్ఞాభాషను కొంతైనా నేర్చుకోవాలి, తక్కిన పిల్లలకూ నేర్పాలి. పిల్లలు పెద్దల కంటే ఎంతో త్వరగా దాన్ని పట్టుకుంటారు. 2015లో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలో ఈ భాష కోసం ప్రత్యేక పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది.

ఆటిజం ఉన్న పిల్లలకు అడ్డం వచ్చేది తరచుగా గది వాతావరణమే. ఫ్యాను చప్పుడు, టర్పెంటైన్ వాసన, వేళ్లకు అంటుకునే జిగురు, ముందుగా చెప్పకుండా ఒక పని ఆపించి మరొకటి మొదలుపెట్టించడం వారికి భరించలేనివి కావచ్చు. ఆ రోజు జరగబోయే పనులను వరుసగా చిన్న బొమ్మల పట్టికగా గోడ మీద పెట్టడం, పని ముగియబోతోందని కాస్త ముందుగా తెలియజేయడం, అలసినప్పుడు పోయి కూర్చోవడానికి నిశ్శబ్దంగా ఉండే మూల ఒకటి కేటాయించడం, మట్టిని ముట్టుకోలేని పిల్లవాడికి చేతితొడుగో చెక్క చెంచానో ఇవ్వడం, ఇవన్నీ చిన్న ఏర్పాట్లే. ఇంతకంటే సూక్ష్మమైన విషయం మరొకటి ఉంది. కొందరు పిల్లలు నెలల తరబడి ఒకే వస్తువును, రైలునో, లిఫ్టునో, గోడ గడియారాన్నో గీస్తూ ఉంటారు. దాన్ని మాన్పించడానికి ప్రయత్నించే బోధకుడు పిల్లవాడి ఆసక్తికి మూలమైన దానినే తుంచివేస్తున్నాడు. అదే రైలును రాత్రివేళ, వానలో, వంతెన మీద, లోపలి నుంచి, పైనుంచి గీయమని సూచించి, మట్టితో చేయించి, అచ్చు వేయించి చూస్తే, ఒకే విషయం మీద నిలిచిన ఆ ఏకాగ్రతే లోతైన అధ్యయనంగా మారుతుంది.

సామగ్రి కోసం తెలుగువారు దూరం వెళ్లనవసరం లేదు. ఈ నేల మీది హస్తకళల్లో అనేకం చేతితో తడిమి తెలుసుకోగలిగినవి, కంటి మీదనే ఆధారపడని వారికీ తలుపు తెరిచేవి. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు చింతగింజల అంబలి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో మాస్కులు, బొమ్మలు చేస్తారు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రతో చెక్కిన అంగాలను దాదాపు అటువంటి ముద్దతోనే అతికి నునుపు చేస్తారు. ఈ ముద్ద చవకైనది, విషరహితమైనది, ఆరితే గట్టిపడేది, పిల్లల వేళ్లకు లొంగేది. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురుపుల్లకు ఊలు చుట్టి దారం కట్టిన కలం వాడతారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీటిలో పులియబెట్టిన ద్రవం కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. వాసనతో, చేతికి తెలిసే తడితో, క్షణంలో జరిగే మార్పుతో ఆ పాఠం రసాయనశాస్త్రం కూడా అవుతుంది. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో తయారయ్యే తోలుబొమ్మల మీది చిల్లుల వరుసలు తెర వెనుక దీపం వెలిగించినప్పుడు కంటికి నగలుగా కనిపిస్తాయి, వేళ్లతో తడిమినప్పుడు నగలుగానే తగులుతాయి. ముగ్గు పిండితో వేసిన చుక్కలు తాకితే చెరిగిపోతాయి గాని, చింతగింజలు పేర్చి వాటి చుట్టూ లావు నూలుతాడు తిప్పితే చూపు లేని బాలిక చుక్కల ముగ్గులోని గణితాన్ని తన వేళ్లతో లెక్కించగలదు. బొమ్మల కొలువు, వినాయకచవితి మట్టి ప్రతిమ, తంగేడు, గునుగు పూలను వలయాలుగా పేర్చే బతుకమ్మ, అన్నీ పాఠాలకు తగినవే. కుమ్మరి ఇళ్ల నుంచి, చిత్రకారుల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు ఈ పాఠాల్లో గురువుకు సహాయకులవుతారు. కులవృత్తి పేరిట తక్కువగా చూడబడిన జ్ఞానం తరగతిలో విద్యగా గౌరవం పొందడం కూడా సమ్మిళితత్వంలో భాగమే. దీన్ని వైకల్యం ఒక్కదానికే పరిమితం చేయడం సంకుచితం.

ఒక పాఠం ఎలా విస్తరించగలదో చూపడానికి వారపు సంత అనే విషయాన్ని తీసుకోవచ్చు. గురువు బోర్డు మీద దృశ్యం గీయకుండా, ఒక బుట్టలో వంకాయలు, ఎండుమిరప, అల్లం, చేపల వల ముక్క, తాటాకు బుట్ట, తక్కెడ తెచ్చి బల్ల మీద పెట్టి, అందరినీ ముట్టుకోమని, వాసన చూడమని, సంతలో తమకు తెలిసిన దానిని ఒకరికొకరు చెప్పుకోమని లేదా సైగలతో చూపుకోమని అడుగుతుంది. ఆ తరువాత ఒకరు మట్టితో అమ్మే మనిషి భంగిమను చేస్తారు, ఒకరు నల్ల కాగితం మీద తక్కెడను గీస్తారు, ఒకరు వల ముక్కను రంగులో ముంచి అచ్చు వేస్తారు, చేతులు అదుపులో లేని విద్యార్థి ఏ వస్తువు ఎక్కడ అతికించాలో చూపుతో సూచిస్తే తోటి విద్యార్థి అతికిస్తాడు. నిర్ణయం మొదటివానిది, చేతిపని రెండోవానిది. విషయం ఒకటే, కాలం ఒకటే, గది ఒకటే. ఎవరికీ సులభమైన వేరే పని ఇచ్చి మూలకు పంపలేదు. సహాయకుల చేయి విద్యార్థి చేతిని పట్టి గీయించడం మాత్రం జరగకూడదు. ఆ బొమ్మ చూడడానికి చక్కగా ఉండవచ్చు గాని అది సహాయకుల బొమ్మ.

బోధకుల తయారీ నేటికీ పెద్ద లోటు. రెండు తెలుగు రాష్ట్రాల్లో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు చేతి నైపుణ్యాన్ని పరీక్షిస్తాయి. భిన్నమైన పిల్లలకు పాఠాన్ని ఎలా మార్చాలో నేర్పడం వాటి పరిధిలోకి రాదు. మరోవైపు, భారత పునరావాస మండలి వద్ద నమోదైన ప్రత్యేక ఉపాధ్యాయులకు పిల్లల స్థితిగతులు తెలుసు, కళాసామగ్రితో పరిచయం తక్కువ. మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ఫిజియోథెరపీతో సహా సేవలందిస్తున్నాయి. ఒక కళాపాఠశాల ఈ కేంద్రాలతో సంబంధం పెట్టుకుని, చిత్రకారుడు, ప్రత్యేక ఉపాధ్యాయుడు కలిసి ఒకే తరగతిలో నిలబడే ఏర్పాటు చేసుకుంటే, కొంతకాలానికి ఇద్దరూ ఒకరి విద్యను ఒకరు నేర్చుకుంటారు. మరుగుదొడ్డికి తీసుకెళ్లడం, బట్టలు మార్చడం వంటి సహాయం ఎవరు, ఏ విధంగా చేయాలో రాతపూర్వకమైన నియమం ఉండడం, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం గురించి ప్రతి సిబ్బందికీ తెలిసి ఉండడం అత్యవసరం. మాటలతో ఫిర్యాదు చెప్పలేని పిల్లలున్న చోట ఈ విషయంలో ఉపేక్ష క్షమించరానిది.

విమర్శ గురించి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే సదుద్దేశంతోనే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వైకల్యం ఉన్న పిల్లవాడు ఏం గీసినా చప్పట్లు కొట్టి, బహుమతి ఇచ్చి పంపే అలవాటు ఎన్నో సభల్లో కనిపిస్తుంది. ఆ చప్పట్లలో దయ ఉంది గాని గౌరవం లేదు, ఎందుకంటే అందులో బొమ్మను నిజంగా చూడడం లేదు. బొమ్మలో ఎడమవైపు ఖాళీగా మిగిలిందని, మట్టి మెడ మరీ సన్నగా ఉండి ఆరినప్పుడు విరిగిపోతుందని, నిన్నటి రంగు కంటే నేటి రంగు మసకగా ఉందని పక్కనున్న పిల్లవాడికి చెప్పినట్లే ఈ విద్యార్థికీ చెప్పాలి. అతని పని మీద అభిప్రాయం చెప్పేటంత శ్రద్ధ గురువుకు ఉందని విద్యార్థి గ్రహిస్తాడు. అలాగని అందరి బొమ్మలనూ ఒకే కొలతతో పోల్చి ర్యాంకులివ్వడం కూడా తగదు. ప్రతి విద్యార్థి ఏడాది పొడవునా చేసిన పనులను తేదీలతో ఒక సంపుటంగా భద్రపరిచి, మొదటి నెల పని పక్కన పదో నెల పని పెట్టి చూస్తే ఎదుగుదల ఎక్కడుందో, ఎక్కడ ఆగిందో గురువుకూ విద్యార్థికీ కలిసే తెలుస్తుంది.

ఆర్థిక విషయాలు కఠినమైనవి. మట్టి, కాగితం, రంగులు పెద్ద ఖర్చు కాదు. మనుషుల జీతాలే ఖర్చు, ఎందుకంటే ఇటువంటి తరగతిలో ఒక్క గురువు ముప్పై మందిని చూడలేడు. దివ్యాంగుల ఇళ్లలో వైద్యానికి, ప్రయాణానికి అప్పటికే ఎక్కువ వ్యయమవుతుంది కనుక వారి నుంచి ఎక్కువ ఫీజు వసూలు చేయడం అన్యాయం. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు నిర్ణయించి, లోటును దాతలతో, స్థానిక సంస్థల సహాయంతో పూరించడం ఒక మార్గం. కానీ దాతలకు చూపడానికి పిల్లల దీనమైన ఫోటోలు అచ్చువేయడం ఏ అవసరం వచ్చినా చేయకూడని పని. తల్లి పిల్లవాడిని రెండు బస్సులు మారి తీసుకొస్తున్నదంటే తరగతి వేళలు బస్సు వేళలకు తగినట్లు ఉండాలి. ఆడపిల్లలు యుక్తవయస్సు రాగానే బొమ్మల తరగతి మానివేయడం ఈ ప్రాంతాల్లో సాధారణం. చీకటి పడక ముందే తరగతి ముగించడం వంటి చిన్న మార్పు వారిని ఇంకొన్నేళ్లు నిలుపుతుంది.

యువత విషయంలో కాలం మరో రూపంలో ఎదురవుతుంది. అమెరికాలోని ఓక్లాండ్‌లో 1974లో స్థాపితమైన క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రం వైకల్యం ఉన్న వయోజనులకు పని చేసుకునే చోటు కల్పిస్తుంది. 1943లో జన్మించిన జూడిత్ స్కాట్ అక్కడికి 1987లో వచ్చింది. ఆమెకు డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతో వచ్చే ఒక క్రోమోజోము భేదం. ఆమెకు వినికిడి కూడా లేదు, అయితే బాల్యంలో ఆ సంగతి ఎవరూ గుర్తించకపోవడం వల్ల చదువుకు పనికిరానిదిగా ముద్రవేసి ఏడేళ్ల వయసులో సంరక్షణాలయానికి పంపివేశారు. కళాకేంద్రానికి వచ్చిన తరువాత కూడా చాలాకాలం పాటు చిత్రలేఖనం మీద ఆమెకు ఆసక్తి కలగలేదు. ఆ తరువాత నూలు, దారాలతో పనిచేసే శిక్షణ జరిగినప్పుడు ఆమె వస్తువుల చుట్టూ దారాలు చుట్టి పెద్ద శిల్పాలు నిర్మించడం మొదలుపెట్టి, 2005లో మరణించేవరకు ఆపలేదు. ఇప్పుడు అవి ప్రసిద్ధ మ్యూజియంలలో ఉన్నాయి. కేంద్రం ఆమెను మొదటి ఆరు నెలల్లో అంచనా వేసి పంపివేసి ఉంటే ఆ శిల్పాలు ఉండేవి కావు. తగిన సామగ్రి దొరికేదాకా వేచి ఉండగల ఓపికను పాఠశాల తన పద్ధతిలో భాగంగా ఉంచుకోవాలి.

మన దేశంలో ప్రత్యేక సేవల్లో చాలా వరకు, దివ్యాంగుల హక్కుల చట్టంలోని 31వ సెక్షన్ హామీ ఇచ్చే ఉచిత విద్యతో సహా, పద్దెనిమిదో ఏట ముగుస్తాయి. ఆ వయసులో యువతీయువకులు ఇంటి గదికి తిరిగి పరిమితమైపోతారు. కళాపాఠశాల వారికి పని చేసుకునే స్టూడియోగా, చిన్నపిల్లల తరగతుల్లో జీతం తీసుకునే సహాయక బోధకులుగా, ప్రదర్శనలు ఏర్పాటు చేసే బృందంగా కొనసాగే మార్గం చూపాలి. ప్రదర్శనలో చిత్రం పక్కన కళాకారుని పేరు, చిత్రం పేరు, మాధ్యమం, సంవత్సరం ఉంటే చాలు, వ్యాధి నిర్ధారణ పేరు గోడ మీద అవసరం లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు గీసినవారిదే. వయసు, వైకల్యం ఆ హక్కును తగ్గించవు. పాఠశాల ఆ బొమ్మను క్యాలెండరు మీద, గ్రీటింగ్ కార్డు మీద అచ్చువేయదలిస్తే అనుమతి తీసుకుని డబ్బు చెల్లించాలి. చిత్రాన్ని ఎవరు కొన్నారో, ఎంతకు కొన్నారో, అందులో పాఠశాలకు ఎంత పోయిందో, కళాకారునికి ఎంత చేరిందో ఒకే పుస్తకంలో రాసి ఉంచి, అడిగినప్పుడు బ్రెయిలీలోనో, బొమ్మలతోనో, సంజ్ఞలతోనో ఆ లెక్కను వారికే వివరించే బాధ్యతను పాఠశాల నియమావళిలో చేర్చాలి.